కోపం మీద ఇంగ్లీషు నుడికారాలు: అపోహలు, వాస్తవాలు

ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాకు నుడికారాల దగ్గర కథలు చెప్పడం సరదా. కథ ఉంటే పిల్లలకు గుర్తుంటుందని సాకు. చిక్కల్లా, వాటిలో కట్టుకథలూ కలిసిపోవడమే.

అపోహ: టెంపర్ అంటే కోపం.

అలాగైతే, కోపం తెచ్చుకోవడానికి వాడే 'లూజ్ టెంపర్' (టెంపర్ పోగొట్టుకోవడం) అంటే కోపం పోయి చల్లబడ్డాడని అర్థం రావాలి కదా! ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉంది, పాళ్లు కుదిరేలా కలపడమని దాని అర్థం. ఒంట్లో నాలుగు రసాలుంటాయనీ, వాటి పాళ్లను బట్టే మనిషి స్వభావమనీ పాతకాలపు ఐరోపా వైద్యులు నమ్మేవారు. అలా టెంపర్ అంటే మనసు నిలకడ అయింది. పోగొట్టుకునేది ఆ నిలకడనే. కోపం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మనం 'వాడికి టెంపరెక్కువ' అంటున్నది ఆ కొత్త అర్థంలోనే.

అపోహ: 'సీ రెడ్' (కోపంతో ఊగిపోవడం) ఎర్రగుడ్డ చూసి రెచ్చిపోయే ఎద్దు నుంచి పుట్టింది.

ముందు ఎద్దు సంగతి. ఎరుపును మనలా విడిగా గుర్తుపట్టే కన్ను దానికి లేదు. స్పెయిన్ ఎద్దుల పోరులో అది గుడ్డ కదలికను చూసి మీదికొస్తుంది. మొదట ఆడించే పెద్ద గుడ్డ గులాబీ, పసుపు రంగులది. ఎర్రది బయటికి తీసేది ఆఖరి ఘట్టంలోనే. 'ఎద్దుకు ఎర్రగుడ్డ' అనే నానుడి వేరే ఉంది. 'సీ రెడ్' అందులోంచే వచ్చిందనడానికి గట్టి ఆధారం లేదు. కోపమొస్తే కళ్లెర్రబడతాయని చెప్పడానికి ఎద్దు దాకా ఎందుకు?

అపోహ: 'ఫ్లై ఆఫ్ ది హ్యాండిల్' (ఉన్నట్టుండి కోపంతో విరుచుకుపడడం)లో హ్యాండిల్ తలుపుది.

కాదు, గొడ్డలి కామ. కామ వదులైతే గొడ్డలి ఊడి ఎవరి మీద పడుతుందో తెలియదు. ఇది ఉత్తర అమెరికా మాట. కెనడాలోని నోవా స్కోషియా రచయిత థామస్ హాలిబర్టన్ 1840లలోనే వాడాడు.

'గెట్ మై గోట్' (నాకు చిరాకు తెప్పించడం)కు చెప్పే కథలో, పందెం గుర్రానికి తోడుగా కట్టిన మేకను ఎవరో ఎత్తుకుపోతే గుర్రం బెదిరిపోతుంది. కథ వినడానికి బాగుంటుంది. రుజువు మాత్రం లేదు.

అపోహ: ఇవన్నీ ఇంగ్లండులో పుట్టినవే.

'రన్ అమాక్' (ఒళ్లు తెలియక విరుచుకుపడడం)లోని అమాక్ మలయ్ భాషది. 'బెర్సెర్క్' (కోపంతో వెర్రెత్తిపోవడం) పాత నార్స్‌ది, అంటే స్కాండినేవియా వాళ్ల పాత భాషది. 'డూలాలీ' అయితే మన నాసిక్ పక్కనున్న దేవలాలి! బ్రిటిష్ సైనికులు స్వదేశానికి ఓడ కోసం అక్కడి శిబిరంలో పడిగాపులు పడేవారు. ఆ ఎదురుచూపులో మతి చలించడాన్ని వాళ్లు 'డూలాలీ ట్యాప్' అనేవారు. ఆ ట్యాప్ మన తాపానికి చుట్టమే. కాకపోతే అది మతి చలించడం గురించిన మాట. బాస్ కేకలేశాడని చెప్పడానికి వాడకండి.