ఆరిపోయిన సిగ్నలూ, నాలుగు కళావర్లూ

పెద్దోడా, చిట్టీ,

మొన్న ఆదివారం మీరిద్దరూ పత్తాలు బల్ల మీద పడేసి చెరో గదిలకు పోయిన్రు. నేను నోరు మెదపలే. కోపంల ఉన్నోళ్ళకు బ్రిడ్జి చెప్తే ఎక్కదు. ఇద్దరిద్దరు జోడీలుగా నలుగురు ఆడే ఈ పేకాటల ముందు పాట, తరువాత ఆట. పాటంటే, ఈ రంగు తురుపుగా ఆరు మీద ఇన్ని పట్లు పడతం అని వంతులవారీగా చెప్పుడు. పాస్ అంటే ఈ వంతుకు నేను పాడను అని. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్న, ఒక్కచోట కూసొని చదువుకోండి.

పెద్దోడు ఒక డైమను పాడిండు. చిట్టి ఒక ఇస్పేటు అనకుండా మెట్టు దూకి రెండు ఇస్పేట్లు అన్నది. వాడు పాస్ అన్నడు. చిట్టి చేతిల చూస్తే 18 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1). పేకంతా కలిపితేనే 40. అందుల 18 ఒక్క చేతిల పెట్టుకొని రెండు ఇస్పేట్ల కాడ ఆగితే కడుపు మండదా? అట్లని పెద్దోడిది తప్పు కాదు. వాడు ఫోన్ల నేర్చుకున్న పద్ధతిల ఆ జంప్‌కు అర్థం: 'ఆరు ఇస్పేట్లున్నయి, బలం లేదు, నన్ను ఇక్కడనే వదిలెయ్.' చిట్టి నా పాత పుస్తకం చదివింది. అందుల అదే జంప్‌కు అర్థం: 'గేమ్ ఖాయం, స్లామ్ సంగతి చూద్దాం రా.' గేమ్ అంటే అదనపు పాయింట్లు తెచ్చే పాట, ఇస్పేట్లల అయితే నాలుగు. స్లామ్ అంటే పన్నెండో, పదమూడో పట్లు పడతమనే పాట. రెండు పద్ధతులూ లోకంల నడుస్తున్నయి. మీ ఇద్దరి నడుమ ఏది నడవాలన్నదే మీరు అనుకోలే.

ఇసొంటి పని నేనూ చేసిన. మీ నాయనమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

బల్లార్షా రన్నింగ్ రూంల, అంటే బండి నడిపేటోళ్ళు ఆగి నిద్రపోయే రైల్వే గదుల్ల, జరిగింది. కాజీపేట నుంచి గూడ్సు బండి తీసుకపోయి, నిద్ర తీరినంక, తిరుగు బండి కోసం ఎదురుచూస్తూ నలుగురం కూసున్నం. నా జోడీ మా గార్డు సాబ్. నేను ఒక ఇస్పేటు పాడిన. ఆయన గడ్డం గోక్కొని 'నాలుగు కళావర్లు' అన్నడు. రెండు కాదు, మూడు కాదు, ఏకంగా నాలుగు! నా గుండె జారింది. కళావర్ల కట్టంతా ఈయన కాడనే ఉన్నదా? ఆసులు అడుగుతున్నడా? ఇంకేమన్ననా? ఏమీ తోచక పాస్ అన్న.

కళావర్ల పేరెత్తింది ఆయన గనుక ఆట ఆయనది, డమ్మీ నాది, అంటే నా ముక్కలు బల్ల మీద పరిస్తే వాటిని కూడా ఆయనే ఆడతడు. నా ముక్కలు పరిచిన. ఇస్పేట్ల ఆసు, రాణి, ఇంకో మూడు. ఆటీన్ల ఆసుతో రెండు, డైమన్ల రాజుతో మూడు. కళావర్లు ఏడు, అయిదు, రెండు. ఆ రెండు మీదనే గార్డు సాబ్ చూపు ఆగిపోయింది. మొదటి పట్టుకు ఆయన చేతిలకెంచి కళావరు తొమ్మిది పడ్డది. రెండో పట్టుకు డైమను పడ్డది. అప్పుడు తెలిసింది, ఆయన కాడ కళావరు ఒక్కటే. ఎదుటోళ్ళ దగ్గర తొమ్మిది. వాళ్ళు నవ్వుకుంట తురుపులు గుంజి అయిదు పట్లు పట్టిన్రు. మిగతా ఎనిమిదీ మావే. పది కావాలె, రెండు తక్కువ. వాళ్ళు డబుల్ (ఓడితే జరిమానా పెంచే పాట) అనడం మరిచిపోయిన్రు గనుక 100 పాయింట్ల జరిమానాతో బయటపడ్డం.

ఆయన చేయి ఇది: ఇస్పేట్ల రాజు, జాకీతో నాలుగు. ఆటీన్ల రాజుతో నాలుగు. డైమన్ల ఆసు, రాణితో నాలుగు. ఆ ఒంటి కళావరు. ఇద్దరివీ కలిపి 26 పాయింట్లే. కానీ అందుల ఒక్కటి కూడా కళావర్లల దండుగ పోలేదు. ఒక్క కళావరు పట్టు వాళ్ళకిచ్చి, మిగిలిన నా రెండు కళావర్లనూ ఆయన ఇస్పేట్లతో కోసుకుంటే ఆరు ఇస్పేట్ల స్లామ్ అయ్యేది. 980 రావాల్సిన చోట 100 పోగొట్టుకున్నం.

దాన్ని స్ప్లింటర్ అంటరు. నీ రంగుకు నాలుగు ముక్కల మద్దతున్నది, గేమ్‌కు సరిపోను బలమున్నది, నేను పేరు చెప్పిన రంగుల మాత్రం ఒక్కటే ఉన్నది, లేదా అసలే లేదు అని చెప్పే జంప్. ఎక్కడనో చదివి, నాతోని మాట్లాడకుండానే ప్రయోగం చేసిండు. 'మనం అనుకున్నం గదా' అన్నడు. ఎప్పుడు అనుకున్నం? రైలుల ఆయన చివరి పెట్టెల, నేను ఇంజన్ల!

తరువాత చాలా రోజులు ఆలోచించిన, నేనెందుకు పాస్ అన్న అని. నా తలకాయ నిండ రైల్వే రూలు ఉన్నది. సిగ్నల్ దీపం ఆరిపోయినా, సరిగ్గా వెలగకపోయినా, ఆ సిగ్నల్ చూపగలిగిన వాటిల అన్నిటికన్నా కట్టడి ఎక్కువున్నదే చూపిస్తున్నట్టు లెక్క. స్టాప్ సిగ్నల్ అయితే ఎర్రదీపం కిందనే జమ. అర్థం కాకుంటే ఆగు. పట్టాల మీద అది ప్రాణాలు కాపాడుతది. పాటల అదే నన్ను ముంచింది.

బ్రిడ్జిల లెక్క తిరగబడుతది. మనోళ్ళే పాట తెరిచి, ఎదుటోళ్ళు నోరు మెదపనప్పుడు, జోడీ వింతగా దూకితే పాస్ అనకు. నాలుగు ఇస్పేట్లని నా రంగుకు తిరిగి వచ్చినా నాకు పోయేది శాన తక్కువ. పాస్ అంటే పోయింది మీరు చూసిన్రు.

ఇంకోటి, కింది మెట్టు మీద ఎందుకు నిలబడలే అని అడుక్కోవాలె. గార్డు సాబ్‌కు మంచి బలమూ, పొడుగు కళావర్లూ ఉంటే రెండు కళావర్లంటే చాలు, నేను దాన్ని పాస్ చేసేదే లేదు. బలం లేకుంటే, పాట తెరిచిన జోడీకి అడ్డం పడి మూడు నో ట్రంప్‌ను (తురుపు లేకుండా ఆడే పాట) కూడా దాటుకొని పోయేంత పిచ్చి ఎవరికుంటది? ఆసులు అడగాలంటే నాలుగు నో ట్రంప్ ఉండనే ఉన్నది. నాలుగు కళావర్లతోని ఆసులడిగే జాన్ గెర్బర్ పద్ధతి, జోడీ నో ట్రంప్ పాడినంక వాడేది. అన్నీ కొట్టేస్తే మిగిలేది ఒంటి కళావరే. అరనిమిషం కూసుంటే నాకు తట్టేది.

ఎదుటోళ్ళు నోరు తెరిచిన్రంటే ఇదంతా మారుతది. వాళ్ళు ఒక డైమను అన్నంక మనోడు రెండు ఇస్పేట్లని దూకితే, ఈ కాలంల అది ఎక్కువగా అడ్డం పడడమే, నిశ్చింతగా పాస్ అనొచ్చు. జోడీ మొదట పాస్ అని తరువాత దూకినా అర్థం మారుతది, 18 పాయింట్లు దాచుకొని ఎవడూ పాస్ అనడు. ఇగ ఒక ఇస్పేటు మీద మూడు ఇస్పేట్లున్నయి. పాతకాలపు అమెరికా బ్రిడ్జి గురువు చార్లెస్ గోరెన్ నాటి పద్ధతిల అది గేమ్ దాకా పొమ్మని హుకుం. ఇప్పుడు చాలామందికి 10 నుంచి 12 పాయింట్ల పిలుపు మాత్రమే, నచ్చకుంటే పాస్. ఇది ఎంత ఆలోచించినా తేలేది కాదు, ముందే మాట్లాడుకోవాలె.

చిట్టీ, నీకు ఒక చివాటు. నువ్వు రెండు ఇస్పేట్లన్నప్పుడు కనుబొమ్మలు ఎగరేసినవ్. అది తొండి. జోడీకి నీ పాట చేరాలె, నీ ముఖం కాదు. ఎదుటోళ్ళు 'దీని అర్థమేంది' అని అడిగితే పెద్దోడు మీ మధ్య ఉన్న ఒప్పందం చెప్పాలె. ఒప్పందం లేకుంటే 'అనుకోలేదు' అనాలె, ఊహించి చెప్పొద్దు.

2018ల జకార్తా ఆసియా క్రీడల్ల బ్రిడ్జి మొదటిసారి పెట్టిన్రు. పురుషుల జోడీల పోటీల బంగారు పతకం మన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్‌లది. అప్పుడు ఒకరికి 60 ఏళ్ళు, ఇంకొకరికి 56. ఆ వార్త చూసి గార్డు సాబ్ ఫోన్ చేసిండు. 'మనకింకా టైమున్నది' అన్నడు. ఇప్పటికీ ఆయన ఫోన్ ఎత్తితే హలో అనడు, 'నాలుగు కళావర్లు' అంటడు.

వచ్చే ఆదివారం హన్మకొండ నుంచి వచ్చేటప్పుడు చెరో కాగితం తీసుకరండి. ఒక డైమను మీద రెండు ఇస్పేట్లు, ఒక ఇస్పేటు మీద మూడు ఇస్పేట్లు, ఒక ఆటీను మీద మూడు ఇస్పేట్లు. ఈ మూడింటికీ అర్థం ఒకరిది ఒకరు చూడకుండా రాయండి. కాగితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. నాయనమ్మ సర్వపిండికి పల్లీలు నానేసుకుంటా అన్నది, పొద్దుగాలనే రండి.

మీ తాత