హెడ్జ్ కట్టర్ తగిలించే ముందు ట్రాక్టర్ సిద్ధమేనా? అపోహలు - వాస్తవాలు

తోతాపురి కోతలు అయిపోయేసరికి చిత్తూరు, తిరుపతి పల్లెల్లో గట్ల మీద కంప, తోటల చుట్టూ కంచె చెట్లు దారి మూసేస్తాయి. వాటిని ట్రాక్టర్ వెనక తగిలించే హెడ్జ్ కట్టర్‌తో (పొడవైన ఇనుప చేయి చివర, కత్తుల రోటర్ తిరిగే తల ఉన్న యంత్రం) కొట్టించాలనుకుంటే, ముందు సరిచూసుకోవాల్సింది ట్రాక్టర్‌నే.

అపోహ: 50 హెచ్‌పీ బండి ఉంటే ఏ కట్టరైనా మోస్తుంది.

వాస్తవం: హెచ్‌పీ రోటర్ తిప్పడానికి. బోల్తా పడకుండా ఆపేది బరువు. 200 కిలోల కట్టర్ తలను చక్రానికి 4 మీటర్ల అవతలికి చాచితే, మీటరు దూరంలో 800 కిలోలు వేలాడదీసినంత లాగుడు పడుతుంది. చేయి బరువు దీనికి అదనం. అందుకే కట్టర్ పుస్తకంలో రాసిన కనీస ట్రాక్టర్ బరువు చూసుకోండి. వెనక చక్రాల రిమ్ములు తిప్పి బిగించి, రెండు చక్రాల మధ్య వెడల్పు పెంచండి. చేయి చాచే వైపు కాకుండా అవతలి వైపు వెనక చక్రానికి వెయిట్లు వేయండి, లేదా వాల్వు పైకి ఉంచి ఆ టైరులో ముప్పావు వంతు నీళ్లు పట్టండి. వాలు గట్టు మీద చేయిని పల్లం వైపు చాచడం అన్నిటికంటే ప్రమాదం.

వెనక బరువు పడితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టదు. ట్రాక్టర్ ఖాళీ బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలి. అంటే 2,000 కిలోల బండికి 400 కిలోలు. కట్టర్ తగిలించి, చేయి మడిచి, ముందు చక్రాలు మాత్రమే వేబ్రిడ్జి ఎక్కించి తూయండి. దామలచెరువు మామిడి మండీకి వెళ్లే పని పడినప్పుడు ఇది చేయించుకోవచ్చు. తక్కువైతే బంపర్ దగ్గర వెయిట్లు కలపండి.

అపోహ: పీటీఓ షాఫ్టు (ట్రాక్టర్ ఇంజిను తిప్పుడును కట్టర్‌కు అందించే, ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాల కడ్డీ) ఏ బండిదైనా ఒకటే.

వాస్తవం: 6 పళ్ల, 35 మి.మీ. కొన ఒకటే కాబట్టి ఎక్కుతుంది. పొడవు సరిపోవాలని లేదు. పొడవెక్కువైతే లిఫ్టు లేపినప్పుడు గొట్టాలు అడుగుకు తన్ని గేర్‌బాక్సు బేరింగు పగులుతుంది. పొట్టిదైతే తిరుగుతూనే ఊడి వచ్చేస్తుంది. పీటీఓ ఆపి ఉంచి లిఫ్టును కింది నుంచి పైదాకా మెల్లగా లేపి చూడండి. పని చేసేటప్పుడు గొట్టాలు కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి, అత్యంత దగ్గరైనప్పుడు కూడా 25 మి.మీ. ఖాళీ మిగలాలి. కోయాల్సి వస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి ప్లాస్టిక్ తొడుగులు అన్నీ సమానంగా కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, గ్రీజు పెట్టండి. తొడుగు గొలుసు కట్టకుండా బండి తీయకండి. పీటీఓ వేగం 540 ఆర్‌పీఎం అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ కొస చిక్కితే లాక్కునే వ్యవధి ఉండదు.

షియర్ బోల్టు తెగిందని గట్టి బోల్టు వేయడం కూడా తప్పే. అది తెగాలనే పెట్టారు, తెగకపోతే గేర్‌బాక్సు పోతుంది.

అపోహ: లిఫ్టు లేచిందంటే బిగింపు బాగున్నట్టే.

వాస్తవం: కింది లింకు (కట్టర్‌ను మోసే ట్రాక్టర్ వెనక కింది కడ్డీ) పిన్ను లావు, బిగింపు సైజు కేటగిరీ 1కి 22 మి.మీ., కేటగిరీ 2కి 28 మి.మీ. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వేస్తే అదిరి అదిరి అరుగుతుంది, బుష్ వేయండి. లించ్ పిన్ను (పెద్ద పిన్ను జారిపోకుండా కొసన పెట్టే చిన్న పిన్ను) బదులు తీగ చుట్టొద్దు. పక్క చైన్లు ఊగనంత బిగువుగా ఉండాలి. తగిలించేటప్పుడు బండికీ కట్టర్‌కూ మధ్య ఎవరూ నిలబడకూడదు.

అపోహ: కట్టర్ చేయిని కదిలించే నూనె హోస్ పైపు కారుతుంటే చేత్తో తడిమితే తెలిసిపోతుంది.

వాస్తవం: సన్నని రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆపరేషన్ కావాల్సిన గాయం అది. చేయి దూరంగా ఉంచి అట్టముక్కతో చూడండి, పైపు ముట్టుకునే ముందు ఇంజిను ఆపి, ప్రెషర్ దింపండి.

అపోహ: క్యాబిన్ లేకపోయినా తలకు తువ్వాలు చుట్టుకుంటే చాలు.

వాస్తవం: మన గట్లలో రాళ్లు, పాత రాతి కూసాలు, ముళ్లతీగ ముక్కలు దాగి ఉంటాయి. ముందు నడిచి ఏరేయండి. కోసే వైపు గట్టి జాలీ బిగించండి, కళ్లద్దాలు పెట్టుకోండి, చుట్టుపక్కల 50 మీటర్లలో మనిషి గానీ గొడ్డు గానీ లేకుండా చూడండి.

అపోహ: మోటార్ల కరెంటు లేని టైములో లైను కింద కోయొచ్చు.

వాస్తవం: మోటార్లకు రోజుకు 9 గంటలే ఇచ్చినా మిగతా వేళల్లో ఆ తీగ చచ్చిపోయినట్టు కాదు, ఎప్పుడైనా చార్జ్ చేయొచ్చు. అదే స్తంభాల మీద వేరే ఫీడరు (వేరే కరెంటు లైను) కూడా పోతుండవచ్చు. ఏపీఎస్పీడీసీఎల్ లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపిన అనుమతి) తీసుకున్నానని చెప్పేదాకా లైను దగ్గర చేయి లేపొద్దు. తీగ తగిలితే సీటు మీదే ఉండి అందరినీ దూరం పంపండి, 1912కు ఫోన్ చేయండి. మంటలు లేచి దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ జోడించి దూకి, అలాగే కాళ్లు కలిపి గెంతుతూ దూరం పోండి.