జ్వరం తగ్గిందా, మాత్ర పని చేసిందా?

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి కడప నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

"మామా, జరం తగ్గిపాయ. 98.4 ఉంది. ఎల్లుండి తొక్కొచ్చు గదా?"

"మాత్ర ఎప్పుడేసుకున్నావురా?"

కాసేపు పలకలేదు. "ఎనిమిదింటికి."

ఈ వ్యాసమంతా ఆ ఒక్క గంట గురించే.

ఎల్లుండి వాడి మొదటి బీఆర్ఎం, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర. 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటల్లో. ఇందులో గెలుపూ ఓటమీ ఉండవు, టైములో చేరితే చాలు. దారిలో పంక్చరైనా, ఆకలేసినా మన తిప్పలు మనమే పడాలి. ఒకే సీజన్‌లో 200, 300, 400, 600 పూర్తి చేసినవాణ్ణి సూపర్ రాండనీర్ అంటారు. నాలుగేళ్లకోసారి ఫ్రాన్స్‌లో జరిగే 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు అదే మెట్టు. 2027 మీద వాడి కన్ను. అయిదు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాడు. ఆదివారమొస్తే గువ్వలచెరువు ఘాట్ ఎక్కడం, అక్కడ పాలకోవా తినడం, దిగడం. తీరా వారం ఉందనగా వానలు, వానల వెంట వీధిలో సగం ఇళ్లకు జ్వరాలు. బుధవారానికి వీడికి 102.

నేను డాక్టర్‌ను కాను. పాతికేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. అందుకే జ్వరం అనగానే నాకు మందుల కన్నా ముందు థర్మోస్టాట్ గుర్తొస్తుంది.

కడపలో ఏసీ గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. రిమోట్‌లో 24 పెట్టారు. మధ్యాహ్నం చుట్టాలొచ్చారు, తలుపు తీసి వేసి, తీసి వేసి గది 28కి చేరింది. కంప్రెసర్ ఆగకుండా మోగుతోంది. ఇదొక గది. ఇంకో గదిలో తలుపులన్నీ వేసే ఉన్నాయి, కానీ ఎవరో పిల్లవాడు రిమోట్ తీసుకుని 28కి మార్చాడు. ఇక్కడా 28 డిగ్రీలే. అయితే కంప్రెసర్ చప్పుడు లేదు. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. గోడకు తగిలించిన థర్మామీటర్‌కు ఈ రెండు గదులూ ఒకటే.

మొదటి గది ఘాట్ ఎక్కుతున్న సైక్లిస్టు. వాడి ఒంట్లో 39 సెల్సియస్ (ఫారన్‌హీట్‌లో 102) ఉండొచ్చు, మెదడు మాత్రం 37 కావాలంటోంది, చెమట ధారలు కట్టిస్తోంది. రెండో గది జ్వరంతో పడుకున్న మనిషి. వాడికీ 39 ఉంది, కానీ మెదడు కోరిందే 39.

రిమోట్ మార్చిన పిల్లవాడి పేరు ప్రోస్టాగ్లాండిన్ ఈ2, ఒంట్లోనే తయారయ్యే ఒక రసాయనం. వైరస్ ఒంట్లో పడగానే రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేత ప్రోటీన్లను రక్తంలోకి వదులుతాయి. అవి మెదడు రక్తనాళాల గోడల్లో కాక్స్-2 అనే ఎంజైమును లేపుతాయి. ఆ ఎంజైము తయారుచేసిన ప్రోస్టాగ్లాండిన్ ఈ2 మెదడులోని హైపోథాలమస్ ముందుభాగంలో ఉన్న నాడీకణాలకు అంటుకుంటుంది, సెట్టింగ్ పైకి జరుగుతుంది. హైపోథాలమస్ అన్న మాటను ఒక మార్కు కోసం మన పిల్లలందరూ బట్టీ పట్టారు. అది రిమోట్ ఉండే చోటు అని మాత్రం ఎవరూ చెప్పరు.

చలిజ్వరాన్ని ఇప్పుడు చూడండి. రిమోట్ 39కి ఎగిరింది, ఒళ్లు ఇంకా 37 దగ్గరే ఉంది. మెదడు లెక్కలో ఒళ్లు రెండు డిగ్రీలు చల్లబడిపోయింది! చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, చేతులు చల్లబడతాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. (ఏసీకి ఈ వణుకు లేదు. నా పోలిక ఇక్కడ కొంచెం కుంటుతుంది.) వణికే మనిషికి అవ్వ కంబళి కప్పుతుందే, ఆ క్షణంలో ఒళ్లు అడుగుతున్నదీ అదే. వణుకుతున్నవాడి మీద తడిగుడ్డ వేస్తే ఒళ్లు ఇంకా మొండిగా వణుకుతుంది. ఇక "చెమట పట్టింది, జ్వరం దిగింది" అనే మాట ఉంది కదా, చూసింది నిజమే, వరసే తిరగబడింది. ముందు రిమోట్ దిగింది. ఒళ్లు ఎక్కువ వేడిగా ఉందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాతే చెమట.

పిల్లవాడు అల్లరికి చేసిన పని కాదిది. 1975లో మాథ్యూ క్లూగర్, ఆయన సహచరులు ఎడారి ఇగువానాల మీద ఒక ప్రయోగం చేశారు. మన తొండలాగే దానికీ సొంత వేడి లేదు, ఎండలోకీ నీడలోకీ తిరిగి వేడిని సర్దుకుంటుంది. బాక్టీరియా ఎక్కిస్తే అది కావాలని వేడి చోటుకు వెళుతుందని అంతకుముందే తేలింది. ఈసారి కొన్నింటిని వేడిలో, కొన్నింటిని చల్లని చోట ఉంచారు. చల్లని చోట ఉంచినవే ఎక్కువగా చనిపోయాయి.

ఇక మాత్ర. ఆస్పిరిన్ లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో నోబెల్ పంచుకున్నాడు. పారాసిటమాల్ పనిచేసే దారి కాస్త వేరు, కానీ మెదడులో చివరికి జరిగేది అదే: ప్రోస్టాగ్లాండిన్ ఈ2 తగ్గుతుంది, రిమోట్ 37కి వస్తుంది. నాలుగు నుంచి ఆరు గంటలు అక్కడే ఉంటుంది. పిల్లవాడు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. మాత్ర బలం తగ్గగానే మళ్లీ రిమోట్ అందుకుంటాడు.

మా వాడు చూసిన 98.4 మాత్ర వేసుకున్న గంటకు వచ్చిన అంకె. జ్వరం పోయిందో లేదో ఆ అంకెకు తెలియదు. మాత్ర పనిచేస్తోందని చెప్పగలదు, అంతే. మాత్ర లేకుండా పూర్తిగా ఒక పగలూ ఒక రాత్రీ గడిచాక చూస్తే అప్పుడు దానికి విలువ.

"పోనీ మామా, దారి పొడుగునా మాత్రలేసుకుంటే?" అన్నాడు. ఈ ప్రశ్నే నాకు నచ్చింది, ఎందుకంటే ఇందులో లెక్క ఉంది.

పెడల్ మీద 150 వాట్లు పెడుతున్నాడనుకోండి. మన కండరాలు తిన్న శక్తిలో మహా అయితే నాలుగో వంతును పనిగా మారుస్తాయి, మిగతాదంతా వేడే. అంటే 450 వాట్ల వేడి. వీడి బరువు 65 కిలోలు. కిలో ఒంటిని ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి సుమారు 3.5 కిలోజౌళ్లు కావాలి, మొత్తం ఒంటికి 227. ఆ వేడి బయటికి పోకపోతే ఎనిమిదిన్నర నిమిషాలకు ఒక డిగ్రీ పెరుగుతాడు. 37 దగ్గర మొదలెడితే 40కి పాతిక నిమిషాలు. 39 దగ్గర మొదలెడితే ఎనిమిదిన్నర నిమిషాలే. నిజానికి అంత జరగదు, చెమట ఉంది. లీటరు చెమట ఆరితే 2,400 కిలోజౌళ్లు పట్టుకెళుతుంది, కాబట్టి గంటకు దాదాపు 700 మిల్లీలీటర్లు ఆరాలి. కారి కింద పడింది లెక్కలోకి రాదు, ఆరిందే లెక్క. పదమూడు గంటల దారిలో మధ్యాహ్నం ఏ వేళకో మాత్ర బలం తగ్గి, రిమోట్ మళ్లీ పైకి జరిగిందనుకోండి. 450 వాట్ల పొయ్యి మండుతూనే ఉంటుంది, చెమట మాత్రం "ఇప్పుడేం తొందర" అంటుంది.

గుండె సంగతి వేరే. సెట్టింగ్ దించినంత మాత్రాన దాని పని తగ్గదు. మూడు రోజులు సరిగా తినలేదు, తాగలేదు, చెమటలు పట్టాయి. రక్తంలో నీటి భాగం, అంటే ప్లాస్మా, తగ్గింది. ఒక్కో కొట్టుకు గుండె నెట్టే రక్తం తగ్గింది. నిమిషానికి 15 లీటర్లు కావాలి, కొట్టుకు 110 మిల్లీలీటర్లు నెడితే 136 కొట్లతో సరిపోతుంది. అది 99కి పడితే 151 కొట్టుకోవాలి. అదే రోడ్డు, అదే గేరు, పదిహేను కొట్లు అదనం. పైన జ్వరం కూడా ఉంటే డిగ్రీకి మరో ఎనిమిదో పదో కలుపుకోండి. (టైఫాయిడ్‌లో జ్వరానికి తగ్గట్టు నాడి పెరగకపోవచ్చు. పాతకాలం డాక్టర్లు మణికట్టు పట్టుకుని అంతసేపు ఎందుకు చూసేవారో నాకు అది చదివాకే అర్థమైంది.)

ఇంకొకటుంది. కొన్ని వైరస్‌లు గుండె కండరం దాకా వెళతాయి. 1970లో కాక్సాకీ బి3 వైరస్ ఎక్కించిన ఎలుకలను రోజూ ఈదించి చూశారు. ఈదినవాటి గుండెల్లో వైరస్ బాగా పెరిగింది, దెబ్బ కూడా ఎక్కువే తగిలింది. మనుషుల్లో ఇది అరుదు. వచ్చినవాళ్లను మాత్రం నెలల తరబడి పోటీలకు దూరంగా ఉండమంటారు. జ్వరం తర్వాత ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే సైకిల్ సంగతి మర్చిపోయి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

డెంగీ ఉందే, దానిది మరీ మోసం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి ఊరుతుంది, ప్లేట్‌లెట్లు పడతాయి. ఒంటి నొప్పులకని ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ మింగకూడదనేది కూడా ఇందుకే. ఆ గడ్డురోజులు దాటాక ప్లేట్‌లెట్లు మామూలుగా వాటంతటవే లేస్తాయి. ఆ రోజు బొప్పాయి ఆకు రసం తాగించినవాళ్లు ఆ పేరు కొట్టేస్తారు. మా వాడికి పరీక్షలో డెంగీ లేదనే వచ్చింది. అయినా మా అక్క రసమూ తాగించింది, ఉప్పూ మిరపకాయలతో దిష్టీ తీసింది. అయిదు నెలల పాటు వీధివీధంతా సైకిల్‌ను చూసిందట, దిష్టి తగలదా అని.

"ఏం చేయబుద్ధి కాడంలేదు మామా, ఊరికే ఏడుపొస్తాంది" అన్నాడు చివర్లో. ఇక్కడ నేను పెద్దమనిషిలా ధైర్యం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు, మందలో గొర్రె గురించి చెప్పాను. జబ్బు చేసిన గొర్రె మేయదు, మంద వెనక తల వంచుకుని నిలబడుతుంది. కాపరి దూరం నుంచే కనిపెడతాడు. 1988లో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు దీన్నే పరిశీలించి, ఇది నీరసం వల్ల వచ్చిన చేతగానితనం కాదు, జబ్బుతో పోరాడటానికి జంతువు శక్తిని దాచుకునే పద్ధతి అన్నాడు. రిమోట్‌ను కదిలించే ఆ ఇంటర్‌ల్యూకిన్లే ఆకలినీ ఉత్సాహాన్నీ కూడా తగ్గిస్తాయి. వాడి దుఃఖంలో సగం బీఆర్ఎం పోయినందుకు, సగం రసాయనం. ఏ సగం ఏదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

అయిదు నెలల కష్టం ఏమైనట్టు? దీనికి మంచి జవాబుంది. ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో బాగా సాధన చేసినవాళ్లను పూర్తిగా మాన్పించి కొలిచింది. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి 21 రోజుల్లో 7 శాతం తగ్గింది. ఆ మొదటి తరుగు ఎక్కువగా గుండె కొట్టుకు నెట్టే రక్తం తగ్గడం వల్లే. కండరాల్లో కొత్తగా అల్లుకున్న సన్నని రక్తనాళాలు 84 రోజులైనా చెక్కుచెదరలేదు. మంచం మీద జ్వరం మామూలు విశ్రాంతి కన్నా కాస్త ఎక్కువే తింటుంది, నిజమే. కానీ పదిరోజుల్లో పోయేదాంట్లో పెద్ద వాటా నీళ్లది, నీళ్లు త్వరగానే తిరిగొస్తాయి. ఘాట్ కట్టిన కాళ్లు కాళ్లలోనే ఉంటాయి.

ఆదివారం వాడు వెళ్లలేదు. శనివారం మధ్యాహ్నం మాత్ర మానేసి చూశాడు. సాయంత్రానికి 100.6.

ఒక పని అప్పజెప్పాను. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, గోడగడియారం చూస్తూ మణికట్టు మీద నాడి లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాయమన్నాను. చేతికి వాచీ ఉంది, అదే చూపిస్తుంది మామా అన్నాడు. వేలితోనే లెక్కపెట్టమన్నాను. అదొక చాదస్తం నాకు. జ్వరానికి ముందు వాడిది 54. మొదటి రోజు 71. తర్వాత 70, 66, 67, 63. ఎనిమిదో రోజు 58. పదో రోజు 55 వచ్చింది, ఉత్సాహంగా ఒంటిమిట్ట వైపు పది కిలోమీటర్లు పోయి వెనక్కొచ్చాడు. మర్నాడు ఫోటో పంపాడు. నీలం ఇంకుతో 61, దాని చుట్టూ రెండు గీతలు.

"ఇంకో రెండ్రోజులు ఆగుతా మామా," అన్నాడు, నేనేమీ అడగకముందే.