ట్యాంకును నీళ్లతో కడగవద్దు: లాన్ మోవర్ విషయంలో అపోహలు – వాస్తవాలు

తొలకరి పడి రెండు వారాలు గడిచేసరికి హైదరాబాదు చుట్టుపక్కల పచ్చికలు చీలమండలు దాటి పెరుగుతాయి, మా షెడ్డు ముందు లాన్ మోవర్లు బారులు తీరుతాయి. మార్చిలో మూలన పెట్టిన యంత్రాన్ని జూన్‌లో బయటకు తీసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా తాడు లాగి, చివరికి ఇంజిన్ పోయిందన్న దిగులుతో తెస్తారు. చాలాసార్లు ఇంజిన్‌కు ఏమీ కాదు, లోపం ట్యాంకు అడుగున ఉంటుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఏమిటంటే, వాటిలో కొన్ని నిర్లక్ష్యం వల్ల కాక, శ్రద్ధగా శుభ్రం చేయడం వల్లనే పాడయ్యాయి.

ట్యాంకు కడగడమంటే నీళ్లతో కడగడమే అన్నది ఆ అపోహ. ఒక అపార్ట్‌మెంట్ తోటమాలి పోయిన ఏడాది సబ్బుపొడి వేసి, పైపు పెట్టి ట్యాంకు కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, తరువాత కొత్త పెట్రోల్ పోశాడు. పది నిమిషాలు నడిచి ఆగిపోయిన యంత్రాన్ని నా ముందు పెట్టి, "జీతంలో కోస్తారేమో సార్" అన్నాడు. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్‌లో, పెట్రోల్ నిలిచే చిన్న తొట్టి (బౌల్) విప్పితే అడుగున నీళ్లు, వాటి చుట్టూ ఆ నీరు అల్యూమినియాన్ని తినేయగా మిగిలిన తెల్లని పొడి కనిపించాయి. తప్పు అతనిది కాదు, గిన్నె కడిగినట్టే ట్యాంకునూ కడగాలని అతనికి ఎవరో చెప్పారు.

ట్యాంకు గిన్నె వంటిది కాదు. దాని లోపలి మూలలకూ, అతుకుల సందులకూ ఎండ తగలదు. నీరు పెట్రోల్ కంటే బరువైనది కనుక, మిగిలిన రెండు చెంచాలూ అడుగుకు చేరుతాయి, ఇంజిన్‌కు పెట్రోల్ వెళ్లే దారి కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. ట్యాంకు రేకుదైతే తుప్పు పడుతుంది. ప్లాస్టిక్‌దైతే భయం లేదనే వారు, ఆ నీరు తరువాత చేరేది కార్బురేటర్‌కేనని మరచిపోతారు.

నమ్మని వారికి నేను గాజు సీసాలో చూపిస్తాను. బంకుల్లో ఇప్పుడు దొరికే ఇ20 పెట్రోల్‌లో ఐదో వంతు దాకా ఇథనాల్ ఉంటుంది. అటువంటి పెట్రోల్ 100 మి.లీ. తీసుకుని, అందులో 20 మి.లీ. నీళ్లు కలిపి, బాగా కుదిపి పక్కన పెడితే, అడుగున నిలిచే పొర 20 దగ్గర ఆగదు, దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే పెట్రోల్‌లోని ఇథనాల్ నీటితో కలిసి కిందికి దిగిపోతుంది. కొద్దిపాటి చెమ్మను ఇథనాల్ తనలో కలుపుకొని ఇంజిన్‌లోకి తీసుకుపోగలదు కానీ, హద్దు దాటితే ఇలా విడిపోతుంది. పెట్రోల్‌లోనే నూనె కలిపి నడిపే టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌లో (చేత్తో పట్టుకుని గడ్డి, పొదలు కోసే యంత్రంలో) ఇలా జరిగితే నష్టం మరీ పెద్దది, ఎందుకంటే మనం కలిపిన నూనె పై పొరలోనే ఉండిపోతుంది, నూనె లేని అడుగు పొర ఇంజిన్‌కు చేరి పిస్టన్ పట్టేస్తుంది.

పెట్రోల్ ట్యాంకును పెట్రోల్‌తోనే కడగాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్గు క్యాప్ పీకి, ఆరుబయట, బీడీకీ పొయ్యికీ దూరంగా పెట్టుకోవాలి. పాత పెట్రోల్‌ను నోటితో పీల్చకుండా చేతిపంపుతో తీసి, మిగిలినదాన్ని కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి డబ్బాలోకి దించాలి. తరువాత పావు లీటరు కొత్త పెట్రోల్ పోసి, అటూ ఇటూ ఆడించి, తెల్లని గుడ్డ గుండా వంపాలి. గుడ్డ మీద తుప్పు రేణువులు కనిపించినంత కాలం మళ్లీ చేయాలి. మోవర్‌ను వంచవలసి వస్తే కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేకపోతే ఇంజిన్‌లోని ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. పెట్రోల్ ఫిల్టర్ మార్చి, బౌల్ అడుగు బోల్టు విప్పి అందులోని మడ్డిని కూడా తీసేయాలి. మురికి పెట్రోల్‌ను కాలువలో పోయవద్దు.

ఏడాదికి ఒకసారి, అదీ యంత్రాన్ని మూలన పెట్టే ముందు, ఇంత చేస్తే చాలు. ప్రతి వారం కడగాలన్నది అనవసరమైన ఆందోళన. మూతపెట్టిన ట్యాంకులో పెట్రోల్ చెడదన్న మాటా నిజం కాదు, వేసవి నెలల్లో తేలిక భాగం ఆవిరై, మిగిలినది జిగురుగా మారి, కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రమైన జెట్‌ను పూడ్చేస్తుంది.

కలరా ఉండలు వేస్తే ట్యాంకు శుభ్రపడుతుందని ఫోన్లలో తిరిగే సందేశాన్ని నాకు చూపించవద్దని మనవి. అవి పెట్రోల్‌లో కరిగినా, పెట్రోల్ ఆరిన చోట మళ్లీ గడ్డకడతాయి, జెట్ రంధ్రమేమో వెంట్రుకంత సన్ననిది. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ చేయించవచ్చన్నది మాత్రం ప్రాణాంతకమైన మాట, పెట్రోల్ పోయినా దాని ఆవిరి లోపలే ఉంటుంది, పేలేది ఆ ఆవిరే.

మొన్న ఒక పెద్దాయన, పది నిమిషాలకొకసారి ఇంజిన్ ఆగిపోతోందనీ, ట్యాంకు కడిగి పెట్టమనీ వచ్చారు. మూత తెరవగానే సర్రున గాలి పీల్చిన చప్పుడైంది. మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది, లోపలికి గాలి పోక పెట్రోల్ కిందికి దిగడం లేదు. సూదితో పొడిచి ఇచ్చాను, ట్యాంకు జోలికి పోలేదు.