తరగతి గదిలో గోల: నేను తరచూ వినే అపోహలు - వాస్తవాలు

గదుల్లో గోల తగ్గించడానికి ఏ బడికి పిలిచినా, ముందు ఖాళీ గదిలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడతాను. చేతులు ఆగాక కూడా గది గింగురుమంటూ ఉంటే, సాయంత్రానికి అక్కడి టీచర్ గొంతు ఏమవుతుందో అడగక్కర్లేదు.

అపోహ: గోలంతా పిల్లల అల్లరే.

వాస్తవం: కొంత నిజమే, నేనూ ఒకప్పుడు వెనక బెంచీవాణ్ణే. కానీ 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.3 మీటర్ల ఎత్తున్న మామూలు శ్లాబు గది చూడండి. ప్లాస్టరింగ్ గోడలు, టైల్స్ నేల, కాంక్రీటు కప్పు. ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు, అన్నీ తిప్పికొట్టేవే. 40 మంది పిల్లలున్నా, కిటికీలు తెరిచినా, చప్పుడు 60 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) తగ్గడానికి, అంటే దాదాపు పూర్తిగా అణగడానికి, నా లెక్కలో సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం ఇంత గదిలో, అదీ ఖాళీగా ఉన్నప్పుడు, 0.6 సెకను దాటకూడదు. ఒక మాట అణగకముందే ఇంకో మాట వచ్చి పడుతుంది. వినబడట్లేదని ఒకడు గొంతు పెంచుతాడు, వాణ్ణి మించి పక్కవాడు.

టీచరుకి మైకు ఇస్తే? గింగురుమనే గదిలో ఆ మోత కూడా పెరుగుతుంది.

అపోహ: గుడ్ల ట్రేలో, థర్మోకోలో అంటిస్తే చాలు.

వాస్తవం: డబ్బు దండగ. పైగా రెండూ ఇట్టే అంటుకుంటాయి, బడిలో వాటి పేరే ఎత్తొద్దు. లోపలికి గాలి దూరే పీచులాంటి మందపాటి సరుకే శబ్దాన్ని పీలుస్తుంది: మినరల్ ఫైబర్ (ఖనిజ పీచు) టైల్స్, ఉడ్ వూల్ (సన్నటి చెక్క పీచు) బోర్డులు. "ఫాల్స్ సీలింగ్ ఉంది కదా సార్" అంటారు. చూస్తే నున్నటి జిప్సం, గోడకీ దానికీ పెద్ద తేడా లేదు. నేను ముందు చెప్పిన గదిలో కప్పంతా మంచి అకూస్టిక్ (శబ్దం పీల్చే) టైల్స్ వేస్తే ఖాళీ గదే 0.6 సెకను దగ్గరికి వస్తుంది. అంత డబ్బు లేకపోతే కప్పు అంచుల వెంట, వెనక గోడ పైభాగాన వేయించండి.

అపోహ: పిల్లలకి రోజూ వినే చప్పుడు అలవాటైపోతుంది.

వాస్తవం: న్యూయార్క్‌లో ఒక బడి పక్కనే ఎత్తైన రైలు మార్గం ఉండేది. రైలు వైపు గదుల్లోని పిల్లలు అవతలి వైపు పిల్లలకంటే చదవడంలో వెనకబడ్డారని మనస్తత్వవేత్త ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ 1975లో చూపించారు. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు, గదుల కప్పులకు శబ్దం పీల్చే పలకలు వేశారు. మళ్లీ పరీక్షిస్తే ఆ తేడా కనిపించలేదు.

అపోహ: అవే టైల్స్ రోడ్డు చప్పుడునీ ఆపేస్తాయి.

వాస్తవం: పీల్చడం వేరు, ఆపడం వేరు. ఆపడానికి బరువు కావాలి, సందుల్లేకుండా ఉండాలి. తలుపు విస్తీర్ణంలో నూరో వంతు సందున్నా, ఆ తలుపు ఎంత బరువైనదైనా 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. మన ఎండలకి కిటికీలు మూయమనడం కుదిరే పని కాదు. కొత్తగా కట్టేవాళ్లయితే మెట్లు, స్టోర్ రూమ్ రోడ్డు వైపు పెట్టి, తరగతులు వెనక్కి జరపండి. ఒక వరస చెట్లు నాటితే నీడ వస్తుంది, నిశ్శబ్దం రాదు.