గ్లాసు అడుగున నీళ్లు ఎవరివి?

పెరుగు, పండ్ల ముక్కలు, కరకరలాడే గ్రానోలా (తీపి పట్టించి కాల్చిన ఓట్స్). వీటిని గాజు గ్లాసులో పొరలు పొరలుగా పేర్చుకుని తినే పార్ఫే గురించి ఒక పాఠకురాలి ప్రశ్న: "రాత్రి సర్ది ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి అడుగున వేలిమందాన నీళ్లు. పెరుగు గట్టిదే వాడాను. ఈ నీళ్లెక్కడివి?"

ముందు ఆ నీళ్ల రంగు చూడండి. లేత ఆకుపచ్చ కలిసిన పసుపైతే అవి పెరుగువి. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. ఎర్రగానో ఊదాగానో ఉంటే పండువి. రెండూ కలగలిసి ఉంటే మాత్రం, చాలాసార్లు జరిగేది అదే, అసలు దోషి చక్కెర.

పార్ఫే అంటే ఫ్రెంచిలో 'పరిపూర్ణం' అని అర్థం. ఫ్రాన్సులో ఆ పేరుతో చేసేది గుడ్డు పచ్చసొన, చక్కెర పాకం, క్రీమ్ కలిపి గడ్డకట్టించే వేరే వంటకం. అందులో నీరు మంచై కదలకుండా పడి ఉంటుంది. పెరుగు గ్లాసులో అలా కాదు, నీరు రాత్రంతా ఎటో ఒకవైపు ప్రయాణిస్తూనే ఉంటుంది.

పాలు ఎలా తోడుకుంటాయో చెప్పనక్కర్లేదు, తోడుకున్నాక లోపల ఏముందో చూద్దాం. పాలలో కేసీన్ అనే ప్రోటీన్ మైక్రోమీటరులో పదో వంతు, అయిదో వంతు ఉండే ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఉండలన్నిటి మీదా రుణావేశం ఉంటుంది కనుక ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బ్యాక్టీరియా చేసిన లాక్టిక్ ఆమ్లం వల్ల పిహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.7 నుంచి 4.6 దాకా దిగేసరికి ఆవేశం చల్లారిపోతుంది. ఉండలు గొలుసులుగా అతుక్కుని వలవుతాయి. ఆ వల కన్నుల్లో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా నీరే. దీన్ని స్పాంజితో పోలుస్తుంటారు కానీ ఆ పోలిక నప్పదు. స్పాంజి ఒకసారి తయారయ్యాక మారదు. ఈ వల పోగులు తోడుకున్న తర్వాత కూడా ఒకదానికొకటి ఇంకా అతుక్కుంటూ, ముడుచుకుంటూ, లోపలి తేటను బయటికి నెడుతూనే ఉంటాయి. దీని పేరు సినెరిసిస్. గట్టిగా తోడుకున్న పెరుగు గిన్నెలో ఒక చెంచా తీసి, ఆ గుంటను గమనించండి. తీసినప్పుడు గోడలు నున్నగా, పొడిగా మెరుస్తాయి. కాసేపటికి వాటి మీద చెమట పట్టినట్టవుతుంది. గంట గడిచేసరికి గుంట సగం తేటతో నిండుతుంది. చెంచా తీసిన చోట ఆసరా పోయింది, వల తన బరువుకు తానే కుంగింది, నీరు తెగిన అంచు నుంచి జారింది. చెంచా లోహానిది కాబట్టి పెరుగు విరిగిందనేవారున్నారు. పెరుగు తయారీ కేంద్రాల్లో పాలు తోడుపెట్టే ట్యాంకులే స్టెయిన్‌లెస్ స్టీలువి!

పార్ఫేకి పెరుగును వడకట్టేది ఇందుకే. పొరల మధ్య నెమ్మదిగా కారే తేటను ముందే కారనిచ్చేస్తాం. జల్లెడలో పలచని గుడ్డ రెండు మడతలు పరిచి, 300 గ్రాముల పెరుగు వేసి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు మూడు గంటలు పడుతుంది. అయితే గడియారం కన్నా తూకాన్ని నమ్మండి. 100 గ్రాముల తేట దిగాక ఆపితే మిగిలిన 200 గ్రాముల్లో ప్రోటీన్ మూడున్నర శాతం నుంచి దాదాపు అయిదుకు చేరుతుంది. తొందరపడి పిండితే వల చిరిగి గుడ్డలోంచి పెరుగే వస్తుంది. ఇంట్లో తోడుపెట్టేవాళ్లు పాలను 85 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఆ తర్వాత 43 డిగ్రీలకు చల్లార్చి తోడు వేస్తే వడకట్టే పని తగ్గుతుంది. ఆ వేడికి బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే తేట ప్రోటీన్ విప్పుకుని, సల్ఫర్ బంధాలతో కేసీన్ ఉండల మీది కాపా కేసీన్‌కు అతుక్కుంటుంది. దాంతో వల కన్నులు సన్నబడి నీటిని బాగా పట్టి ఉంచుతాయి. వడకట్టిన పెరుగును గిలక్కొట్టొద్దు, నాలుగైదు సార్లు చెంచాతో మడిచినట్టు కలిపితే చాలు. పొరలు ఒకదానిలో ఒకటి కుంగకుండా నిలిచేది సాంద్రత వల్ల కాదు. కొంత ఒత్తిడి దాకా ఘనంలా నిలబడి, అది దాటితేనే పారే గుణం పెరుగుకు ఉంది. గిలక్కొడితే ఆ గుణం చాలావరకు పోతుంది.

ఇక చక్కెర సంగతి. అసలు కథ ఇక్కడుంది.

పండు కణాల్లో చక్కెరలు, ఆమ్లాలు, లవణాలు కరిగిన రసం ఉంటుంది. చుట్టూ నీటిని పోనిచ్చి చక్కెరను ఆపే పొర. 1748లో ఫ్రెంచి శాస్త్రవేత్త నొలే పంది మూత్రాశయపు పొరతో సారాయి సీసా మూతి కట్టి నీటిలో ముంచితే, నీరు లోపలికి చొరబడి పొర ఉబ్బిపోయింది. ఇలా పొర గుండా నీరు పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు పోవడమే ద్రవాభిసరణ. దాని లెక్క తేల్చినందుకు కూడా డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కు 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ వచ్చింది. బళ్లో దీనికి బంగాళాదుంపను తొలిచి చూపిస్తారు, పిల్లలు "అర్ధపారగమ్య త్వచం" అని తడబడకుండా అప్పజెబుతారు, మార్కులు వస్తాయి. అదే పిల్లలు స్ట్రాబెర్రీ ముక్కల మీద చక్కెర చల్లి, ఎర్రటి రసం ఊరడం చూసి "కరిగింది" అంటారు. అది పాఠం చెప్పిన తీరులోని లోపం.

లెక్క చూడండి. లీటరుకు ఒక మోల్, అంటే 342 గ్రాముల చక్కెర కరిగితే ద్రవాభిసరణ పీడనం, అంటే నీటిని తనవైపు లాగే బలం, సుమారు 24 అట్మాస్ఫియర్లు. స్ట్రాబెర్రీ రసానిది 8 నుంచి 10 మధ్య ఉంటుంది, కారు టైరులోని గాలి ఒత్తిడికి నాలుగైదు రెట్లు. పాలది రక్తంతో సమానంగా 7 దగ్గర. పులిసి లాక్టోజ్ కొంత విడిపోయాక పెరుగుది దానికన్నా ఎక్కువ. కాబట్టి చప్పటి పెరుగు, స్ట్రాబెర్రీ పక్కపక్కన ఉంటే ఇద్దరి బలమూ ఇంచుమించు సమం, నీరు పెద్దగా కదలదు. ఇప్పుడు 100 గ్రాముల పెరుగులో రెండు చిన్న చెంచాలు, అంటే 10 గ్రాముల చక్కెర కలపండి. పెరుగు వైపు ఒక్కసారిగా మరో 8 అట్మాస్ఫియర్లు చేరాయి. తాడు పెరుగు చేతికి వెళ్లింది. పండు కణాల్లోని నీరు బయటికి లాగబడి, ముక్కలు వడలి, ఆ నీరు సరిహద్దులో నిలిచి, గ్లాసు గోడ వెంట కిందికి దిగుతుంది. తేనె మేలనుకోవద్దు. అందులో నీరు 17, 18 శాతమే, మిగిలింది దాదాపు చక్కెరలే. పండు పొర మీద తేనె ధార పోయడం కన్నా వేగంగా పండును పిండే మార్గం లేదు. ద్రాక్ష మాత్రం ఈ పోటీలో ఓడదు. దాని రసానిది 20 దాటుతుంది, పైగా మైనపు తొక్క. తీపి పెరుగులోనూ నిండు ద్రాక్ష గుండుగానే ఉంటుంది.

కత్తి సంగతీ ఉంది. కోసిన చోట కణాలు పగిలే ఉంటాయి, అక్కడ రసం కారడానికి ద్రవాభిసరణ కూడా అక్కర్లేదు. రెండు సెంటీమీటర్ల ఘనాన్ని అర సెంటీమీటరు ముక్కలు చేస్తే 64 ముక్కలవుతాయి, ఉపరితలం 24 నుంచి 96 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుంది. గడ్డకట్టించిన పండ్లలో మంచు స్ఫటికాలు కణాలన్నిటినీ ముందే చీల్చేసి ఉంటాయి. అవి జల్లెడలో పూర్తిగా కరిగి కారాకే గ్లాసులోకి రావాలి.

పరిష్కారం సులువు: గ్లాసులో ఊరబోయే నీటిని బయటే ఊరనివ్వడం. పెద్ద ముక్కలుగా కోసిన 90 గ్రాముల స్ట్రాబెర్రీకి 5 గ్రాముల చక్కెర పట్టించి అరగంట ఆగండి, వడకట్టండి, రసాన్ని దాచండి. పెరుగులో చక్కెర వేయకండి. తీపి కావాలంటే దాచిన రసాన్ని తినేముందు పైన పోసుకోవచ్చు.

పండు పొరను అడుగున వేయడం మంచిది. పైన వేస్తే దాని రసం ప్రతి పొరనూ తడుపుతూ దిగుతుంది. అడుగు పండులో ఒక చెంచా చియా గింజలు కలిపితే తమ బరువుకు దాదాపు పది రెట్లు నీరు పట్టేస్తాయి. 350 మిల్లీలీటర్ల గ్లాసుకు పండు 90 గ్రాములు, వడకట్టిన పెరుగు 150 గ్రాములు, గ్రానోలా 25 గ్రాములు సరిపోతాయి. పెరుగు పొర ఒకటిన్నర సెంటీమీటరుకు తగ్గొద్దు. రంగు పదార్థాలు జెల్‌లో మొదటి గంటలో సుమారు 2 మిల్లీమీటర్లు పాకుతాయి. వ్యాపనానికి కాలం దూరపు వర్గంతో పెరుగుతుంది, కనుక 4 మిల్లీమీటర్లకు నాలుగు గంటలు, 6 మిల్లీమీటర్లకు తొమ్మిది. పలచటి పొర తెల్లారేసరికి ఆ చివర నుంచి ఈ చివరకు గులాబీ రంగవుతుంది.

అనాస, కివీ విషయంలో ఈ జాగ్రత్తలేవీ పనిచేయవు. వాటిలోని బ్రొమెలైన్, ఆక్టినిడిన్ ఎంజైములు కేసీన్ వలనే కత్తిరిస్తాయి. గంటో రెండు గంటలో పెరుగు పలచనై చేదెక్కుతుంది. తెగిన ప్రోటీన్ ముక్కల రుచి అది. అనాస ముక్కలను రసం బుడగలు వచ్చేదాకా అయిదు నిమిషాలు వేడిచేసి చల్లార్చితే ఎంజైము చచ్చిపోతుంది. డబ్బాలో వచ్చేది అప్పటికే వేడిచేసింది. పండూ పెరుగూ కలిస్తే కడుపులో విరిగి విషమవుతుందనే మాటకు మాత్రం ఆధారం లేదు. పాలు విరగడానికి కావలసిన పిహెచ్ 4.6ను పెరుగు ఎప్పుడో దాటేసింది, విరిగినదాన్ని మళ్లీ విరగ్గొట్టడానికి పండులోని ఆమ్లానికి ఏమీ మిగల్లేదు.

గ్రానోలాది ఇంకో లెక్క. అది కరకరలాడేది గాజులా బిగుసుకున్న స్థితిలో ఉన్నందువల్ల. పదార్థంలో నీరు ఎంత స్వేచ్ఛగా ఉందో చెప్పే వాటర్ యాక్టివిటీ అనే కొలతలో అది 0.4 లోపు, పెరుగు 0.98. తగిలితే అరగంటలో మెత్తబడుతుంది. తగలకుండా పైన ఉంచి మూత పెట్టినా రాత్రికి రాత్రి ఆవిరి దాన్ని చేరుతుంది. కరిగించిన 20 గ్రాముల చాక్లెట్‌ను 60 గ్రాముల గ్రానోలాకు పట్టించి ఆరబెడితే ఆ కొవ్వు పొర కొన్ని గంటలు కాపాడుతుంది. లేదంటే వేరే డబ్బాలో పెట్టుకుని, తినేటప్పుడు వేసుకోవాలి.

ఇప్పటికే నీళ్లు చేరిన గ్లాసు ఉంటే అందులోంచి నీళ్లు వంపకండి. ఆ తేటలో లాక్టోజ్, కాల్షియం, కొంచెం ప్రోటీన్ ఉన్నాయి. అంతా కలిపి గిలక్కొట్టి, చల్లగా తాగేయండి.