యూదులు పునరుత్థానాన్ని నమ్మరా? ఈ వాదన వెనక ఉన్న పాత కథ

ఈస్టర్ దగ్గరికొస్తే చర్చిలో ఎవరో ఒకరు అంటారు, యూదులకి పునరుత్థానం మీద నమ్మకం లేదండీ, అందుకే యేసుని ఒప్పుకోలేదు అని. ఇది సగం కూడా నిజం కాదు. పునరుత్థానం లేదన్నది సద్దూకయ్యులు, యూదుల్లో వాళ్ళు ఒక వర్గం మాత్రమే, యాజకుల కుటుంబాలూ పలుకుబడి ఉన్నవాళ్ళూ. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశాక ఆ వర్గమే కనబడకుండా పోయింది. తర్వాత నిలబడిన యూదు మతం పునరుత్థానం ఉందనే ఇంకో వర్గం, పరిసయ్యుల దారిలో వచ్చింది, ఆచారం పాటించే యూదులు ఇప్పటికీ రోజుకి మూడుసార్లు, చనిపోయినవాళ్ళని బతికించే దేవా నీకు స్తోత్రం అని ప్రార్థిస్తారు. మరి ఇక గొడవ దేనికి?

పాత నిబంధనలో ఎక్కువ భాగం చావు తర్వాత సంగతి పెద్దగా పట్టించుకోదు. అబ్రాహాము నిండు వయసులో చనిపోయి తన పితరుల దగ్గరికి చేరాడు, అంతే. మంచోడైనా చెడ్డోడైనా వెళ్ళేది షియోల్‌కే, మన బైబిల్లో పాతాళం. అక్కడ దేవుణ్ణి స్తుతించేవాడు లేడంటుంది 6వ కీర్తన, చచ్చినవాళ్ళకి ఏమీ తెలీదంటాడు ప్రసంగి. దీవెన అంటే ఇక్కడే, పిల్లలు, పొలం, దీర్ఘాయుష్షు. ఏలీయా, ఎలీషా చనిపోయిన పిల్లల్ని లేపారు నిజమే కానీ ఆ పిల్లలు మళ్ళీ మామూలుగా పోవాల్సినవాళ్ళే కదా.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసి జనాన్ని చెరపట్టుకుపోయింది, అక్కడే యెహెజ్కేలు ఎండిన ఎముకల లోయని చూశాడు. 37వ అధ్యాయం చదవండి, ఈ ఎముకలు ఇశ్రాయేలు ఇంటివాళ్ళే అని దేవుడే వివరణ ఇస్తాడు, అంటే అది జాతి మళ్ళీ లేవడం గురించి. కానీ తర్వాతోళ్ళు అక్కడితో ఆగలేదు. యూదు మతగురువులైన రబ్బీల చర్చలు కూర్చిన తాల్ముద్‌లో దీని మీద సరదా వాదన ఒకటుంది. ఒక రబ్బీ ఇది ఉపమానమే అంటాడు, ఇంకో రబ్బీ కాదు కాదు ఆ లేచినోళ్ళు ఇశ్రాయేలు దేశానికి వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు అంటాడు, అంతలో యూదా బెన్ బతేరా అనే ఆయన లేచి నిలబడి నేను వాళ్ళ వంశంవాణ్ణే, ఇదిగో ప్రార్థనప్పుడు కట్టుకునే ఈ తెఫిల్లిన్ మా తాతగారు వాళ్ళ నుంచి వచ్చాయని నాకిచ్చినవే అంటాడు! సిరియాలో దూరా యూరోపోస్ అనే ఊళ్ళో 3వ శతాబ్దపు యూదు సమాజమందిరం గోడల మీద ఇదే దర్శనం బొమ్మలుగా దొరికింది.

అసలు మలుపు క్రీ.పూ. 167 ప్రాంతంలో. అంతియొకస్ ఎపిఫానెస్ అనే గ్రీకు రాజు సున్నతి, విశ్రాంతి దినం నిషేధించి, కాదన్నవాళ్ళని చంపించాడు. ధర్మశాస్త్రం పాటిస్తే ఆయుష్షు అని కదా వాగ్దానం, ఇక్కడేమో పాటించినోడే ముందు చస్తున్నాడు, మరి దేవుడి న్యాయం ఏమైనట్టు? దానియేలు 12లో మట్టిలో నిద్రపోతున్నవాళ్ళు అనేకులు మేలుకుంటారు, కొందరు నిత్యజీవానికి కొందరు నిందకి అన్న మాట ఆ రోజుల్లోదే అని చాలామంది పండితులు అంటారు, సంప్రదాయం మాత్రం అంతకంటే చాలా పాతదంటుంది. రెండో మక్కబీయుల గ్రంథంలో పంది మాంసం తినమని ఏడుగురు అన్నదమ్ముల్ని తల్లి కళ్ళముందే చిత్రహింస పెడతారు, మూడోవాడు నాలుక, చేతులు చాపి ఇవి పరలోకం ఇచ్చినవి, మళ్ళీ అక్కణ్ణించే తీసుకుంటా అంటాడు. నా లెక్కలో పునరుత్థాన నమ్మకానికి ఊపొచ్చింది తత్వచర్చలోంచి కాదు, ఇలాంటి చావుల్లోంచి.

యేసు కాలానికి పరిసయ్యులు అవునని, సద్దూకయ్యులు కాదని కొట్టుకుంటున్నారు. ఏడుగురు అన్నదమ్ములకి భార్య అయినామె పునరుత్థానంలో ఎవరి భార్య అవుతుందని సద్దూకయ్యులు యేసుని ఇరికించబోతే, ఆయన దానియేలు ఎత్తలేదు, వాళ్ళు గట్టిగా పట్టుకునే మోషే గ్రంథంలోంచే, నేను అబ్రాహాము దేవుణ్ణి అన్న మాట తీసి ఆయన సజీవులకే దేవుడు అన్నాడు. అచ్చం ఇదే పద్ధతి తాల్ముద్‌లో రబ్బీలదీ. అహరోనుకి పంటలో భాగం ఇవ్వాలని సంఖ్యాకాండంలో ఉంది, ఆయన వాగ్దాన దేశంలో అడుగే పెట్టలేదు, కాబట్టి మళ్ళీ లేవాలి అని రబ్బీ యోహానాన్ వాదన. పునరుత్థానం తోరాలో, అంటే మోషే ధర్మశాస్త్రంలో, లేదనేవాడికి రాబోయే లోకంలో భాగం లేదని క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీల బోధలు కూర్చిన మిష్నా తేల్చేసింది కూడా.

కాబట్టి పేచీ లేస్తారా లేదా అని కాదు, ఎవరు, ఎప్పుడు అని. యూదుల లెక్కలో అది చివర్లో అందరికీ జరిగేది. పౌలు కూడా పరిసయ్యుడే, కానీ ఆయన 1 కొరింథీ 15లో క్రీస్తు ప్రథమఫలంగా ముందే లేచాడు, మిగతావాళ్ళు తర్వాత అన్నాడు. లోకం అలాగే ఉండి, రోమా పాలన అలాగే ఉండి, మధ్యలో ఒక్కడే లేవడమేంటి అన్నది యూదుల ప్రశ్న. లేఖనాల ప్రకారం మూడో రోజున అని పౌలు రాశాడు గానీ ఏ లేఖనమో చెప్పలేదు. క్రైస్తవులు హోషేయ 6, యోనా చేప కడుపులో ఉన్న మూడు రోజులు, యెషయా 53 చూపిస్తారు. హోషేయలో లేచేది జనం అంతా, యోనాని యూదులు యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినాన పశ్చాత్తాపం కథగా చదువుతారు. యెషయా 53లో బాధపడే సేవకుడు జాతి మొత్తం అని తనతో యూదులు వాదించినట్టు క్రైస్తవ పండితుడు ఓరిగెన్ 3వ శతాబ్దంలోనే రాశాడు, 11వ శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత రాషీ వివరణా అదే. అలాగని యూదులంతా ఒకే మాట మీద లేరు, తాల్ముద్‌లోనే ఆ అధ్యాయంలో మాటని మెస్సీయకి అన్వయించిన చోటుంది.

తర్వాత యూదు పండితుడు మైమోనిడీస్ 12వ శతాబ్దంలో పునరుత్థానాన్ని 13 విశ్వాస సూత్రాల్లో చివరిదిగా పెట్టాడు. 1885లో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో కలిసిన రిఫార్మ్ (సంస్కరణవాద యూదు శాఖ) రబ్బీలు శరీర పునరుత్థానం మాకొద్దన్నారు, ప్రార్థనలో మాట కూడా మార్చుకున్నారు, 2007లో వచ్చిన వాళ్ళ ప్రార్థన పుస్తకంలో మాత్రం పాత మాట మళ్ళీ ఐచ్ఛికంగా చేరింది.

క్రైస్తవుల్లో మాత్రం ఏకాభిప్రాయం ఉందా ఏంటి. చనిపోయినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు అంటే మన ఊళ్ళల్లోనే జవాబులు మారిపోతాయి. అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్ళు ప్రసంగి 9 చూపించి పునరుత్థానం దాకా నిద్రే అంటారు, మిగతా చాలామంది సిలువ మీద దొంగకి యేసు ఇచ్చిన మాట చూపించి నేరుగా పరదైసుకే అంటారు, కథోలికులు నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తారు. ఆ ప్రార్థనకి వాళ్ళు చూపించే ఆధారం ఇందాకటి రెండో మక్కబీయుల గ్రంథం 12వ అధ్యాయమే, అది ప్రొటెస్టెంట్ల బైబిల్లో ఉండదు.